పూల డోలు పాట

మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ఊళ్లును మూడు భాషలు కలిసెడి తావున నున్నవి. కుప్పమునుండి ఒక దిక్కునకు పోయినచో కొంతదూరములోనే కన్నడసీమ వచ్చును. మరియొక దిక్కునకు పోయినచో తమిళసీమ వచ్చును. చెన్నపట్టణమునుండి బెంగుళూరునకు పోవు రైలుమార్గము కుప్పము మీదుగానే సాగుచున్నది. ఇంట నొక భాష, సంతలో నింకొక భాష, బడిలో వేరొక భాష వినుట ఈ సీమ పిల్లలకు వింత కాదు. పొట్టకూటికై ఎల్ల దాటి పోవుటయు వింత కాదు.

ఊరు విడిచి పోవువాడు తనతో ఏమి కొనిపోవును? మూటలోని బట్టలు చినిగిపోవును, డబ్బు వ్యయమైపోవును. ఇంటి భాష, ఇంటి పాట, పెద్దలు నేర్పిన మర్యాద మాత్రము చిరకాలము నిలుచును. అయినను క్రొత్త నేలపై పుట్టిన బిడ్డలు ఆ నేల మాటను, ఆ నేల పాటను తమవిగా జేసికొందురు. అప్పుడు ఒకే యింట రెండు కాలములు, రెండు దేశములు ఎదురుబొదురుగా నిలుచును. తండ్రి ఒకటి తలచును, కుమారుడు వేరొకటి కోరును. వీరిలో ఎవరు తప్పు? ఈ ప్రశ్నను ఆటపాటలతో ప్రజల ముందుంచిన చలనచిత్రమొకటి 1961వ సంవత్సరమున అమెరికాలో వెలువడెను. దాని పేరు ‘ఫ్లవర్ డ్రమ్ సాంగ్’, అనగా పూల డోలు పాట.

ఆ కథ తెలియుటకు ముందు దాని వెనుకనున్న చరిత్ర కొంత తెలియవలెను. 1848లో కాలిఫోర్నియాలో బంగారము దొరకెనన్న వార్త ప్రపంచమంతట వ్యాపించెను. దక్షిణ చీనాలోని పేదలు వేలకొలదిగా సముద్రము దాటి అచటికి చేరిరి. గనులలో పనిచేసిరి. 1863 మొదలు 1869 వరకు జరిగిన గొప్ప రైలుమార్గ నిర్మాణములో పడమటి భాగమున కొండలు తొలిచినవారిలో అధికులు చీనా కూలీలే. మార్గము పూర్తియైన పిదప వారి శ్రమను మెచ్చుకొనుటకు మారుగా, వారు తక్కువ కూలికి పనిచేసి తమ నోటికూడు తీయుచున్నారని అచటి తెల్లవారు ద్వేషింపసాగిరి. 1882లో చీనా కూలీలు దేశమున ప్రవేశింపరాదని శాసనము చేయబడెను. ఆ శాసనము 1943 వరకు అమలులో నుండెను. రద్దయిన తరువాత సైతము ఏటికి 105 మంది చీనీయులకు మాత్రమే ప్రవేశము లభించెడిది. అంతకు పూర్వమే చీనా స్త్రీల రాకకు అడ్డంకులు కల్పింపబడియుండెను. కావున శాన్ ఫ్రాన్సిస్కో నగరమున చీనీయులు నివసించు ‘చైనాటౌన్’ అను పేటలో చాలకాలము పురుషులే ఎక్కువగా నుండిరి. భార్యాబిడ్డలు సముద్రమున కావల, భర్తలు ఈవల. ఇట్టి పేటలో పెండ్లి యనునది ఎంత అపురూపమైన సంగతియో ఊహింపవచ్చును.

ఆ పేటను దగ్గరగా చూచినవాడు సి. వై. లీ అను రచయిత. ఆయన 1915లో చీనాలోని హునాన్ రాష్ట్రమున జన్మించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాకు చేరి, యేల్ విశ్వవిద్యాలయమున నాటకరచన నభ్యసించెను. చైనాటౌన్‌లోని ఒక చీనా పత్రికలో పనిచేయుచు, అచటి ముసలివారి పట్టుదలను, యువకుల ఆశలను గమనించెను. 1957లో ఆయన వ్రాసిన నవల ప్రచురింపబడెను. రాడ్జర్స్, హామర్‌స్టీన్ అను ప్రసిద్ధ సంగీత సాహిత్యకారులు దానిని గేయనాటకముగా మలచిరి. 1958 డిసెంబరు 1వ తేదీన అది న్యూయార్కు నగరమున ప్రదర్శింపబడెను. మూడేండ్లకు అదియే చలనచిత్రమైనది. దర్శకుడైన హెన్రీ కోస్టర్ కూడ వలసవచ్చినవాడే. ఆయన బెర్లిన్ నగరమున జన్మించిన యూదుడు, నాజీల దౌర్జన్యమునకు తాళలేక స్వదేశము విడిచినవాడు.

కథ ఇట్లు సాగును. మే లీ అను చీనా కన్య తన తండ్రితో గూడ ఓడలో దాగి శాన్ ఫ్రాన్సిస్కోకు చేరును. వారియొద్ద ప్రవేశపత్రము లేదు. చేత డబ్బు లేదు. ఆమె చేతనున్నది పూల డోలు ఒక్కటే. వీధిలో నిలిచి ఆ డోలు వాయించుచు పాడగా, దారిన పోవువారు మూగి డబ్బు లిత్తురు. ఆమె ఆ దేశమునకు ఊరక రాలేదు. సామీ ఫాంగ్ అను వానికి ఆమె నిచ్చి వివాహము చేయుటకు పెద్దలు చీనాలో నుండగనే ఒడంబడిక వ్రాసికొనియుండిరి. వరుడు వధువు నెరుగడు. వధువు వరుని ఎరుగదు.

సామీ ఫాంగ్ రాత్రివేళల ఆటపాటలు జరుగు ఒక విలాసశాలకు యజమాని. ఆ శాలలో నాట్యమాడు లిండా లో అను యువతికిని అతనికిని చిరకాలపు స్నేహము. పల్లెటూరి పిల్ల తనకు తగదని తలచి, అతడు మే లీని ఆమె తండ్రిని వాంగ్ అను పెద్దమనిషి యింట దిగవిడుచును. వాంగ్ తన పెద్దకుమారునికి చీనా సంప్రదాయము తెలిసిన కోడలిని వెదకుచుండెను. ఒక ఒడంబడికను తప్పించుకొని, మరియొక పెండ్లికి దారి చూపితినని సామీ సంతోషించును.

వాంగ్ చీనా దుస్తులనే ధరించును. బ్యాంకులను నమ్మక డబ్బు ఇంటనే దాచుకొనును. కుమారులకు పెండ్లి నిర్ణయించుట తండ్రి హక్కని అతని దృఢవిశ్వాసము. పెద్దకుమారుడు వాంగ్ టా కళాశాలలో చదివినవాడు. తండ్రిని గౌరవించును గాని తన భార్యను తానే ఎన్నుకొందునని చెప్పును. చిన్నకుమారుడు పూర్తిగా అమెరికా బాలుడు. ఆటలు, క్రొత్త పాటలు, క్రొత్త మాటలు తప్ప అతనికి వేరొకటి పట్టదు. వీరి నడుమ వాంగ్ భార్యకు తోబుట్టువైన లియాంగ్ అను ముత్తైదువయస్సు స్త్రీ యున్నది. ఆమె పెద్దదయ్యును బడికి పోయి చదివి అమెరికా పౌరసత్వమును పొందును. ఆమె పౌరసత్వమును, వాంగ్ టా పట్టభద్రుడైన సంగతిని కలిపి ఇంట విందు చేయుదురు. పలు దినుసులు కలిపి వండెడి ‘చాప్ సూయీ’ అను వంటకము పేర అచట ఒక పాట నడచును. అమెరికాలోని చీనా వంటవారి చేతిలో పేరుపొందిన వంటకమది. తానును అట్లే రెండు దేశముల కలయిక యని లియాంగ్ భావము. రెండింటిలో ఒకదానిని వదలుకొననక్కరలేదని ఆమె నమ్మకము.

వాంగ్ టా మొదట లిండాను చూచి మోహపడును. ఆమె నాట్యకత్తె యని అతనికి తెలియదు. సామీ ఉపాయము పన్ని వాంగ్ కుటుంబమునంతటిని తన విలాసశాలకు పిలుచును. అచట వేదికపై లిండాను చూచి తండ్రి అవమానముతో లేచిపోవును, కుమారుడు కుప్పకూలును. ఆ రాత్రి మద్యము త్రావి తూలుచున్న వాంగ్ టాను హెలెన్ అను కుట్టుపనిచేయు స్త్రీ తన యింటికి కొనిపోయి కాపాడును. ఆమెకు అతనిపై ప్రేమ కలదు. అతనికి ఆ సంగతియే తోచదు. మరునాడు బట్ట కుట్టించుటకు వచ్చిన మే లీ ఆ యింట వాంగ్ టా కోటును చూచి అపోహపడి, బరువెక్కిన హృదయముతో మరలిపోవును. అతడు తన తప్పు తెలిసికొని ఆమెను వరింప వచ్చునప్పటికి ఆమె ఒప్పుకొనదు. ఇంతలో పెద్దల సభ పాత ఒడంబడిక ప్రకారము మే లీని సామీకే ఇచ్చి చేయవలెనని తీర్మానించును. ఇప్పుడు నలుగురికిని సంకటమే. సామీకి లిండా కావలెను. మే లీకి వాంగ్ టా కావలెను. అయినను వ్రాసిన మాట తప్పినచో ఇరుకుటుంబముల గౌరవము పోవును.

ఈ ముడిని విప్పినది ఎవరు? కళాశాలలో చదివిన వాంగ్ టా కాదు. లోకము చూచిన సామీ కాదు. ధైర్యముగల లిండాయు కాదు. ఎవరి మాటకును ఎదురుచెప్పని మే లీయే విప్పెను. ఆమె ఇంటిలోని టెలివిజన్‌లో ఒక చిత్రమును చూచును. అందులో ఒక స్త్రీ తాను దొంగచాటుగా దేశమున ప్రవేశించితినని చెప్పుకొనును. నది నీది వచ్చినవారిని ‘తడిసిన వీపువారు’ అని అచటివారు హీనముగా పిలిచెడివారు. మే లీ ఆ మాటను గుర్తుంచుకొనును. పెండ్లినాడు అందరియెదుట లేచి, తన వీపు తడిసియున్నదని, తాను చట్టవిరుద్ధముగా వచ్చినదానినని, కావున ఒడంబడిక చెల్లదని విన్నవించును. అట్టి వధువును సామీ తల్లి అంగీకరింపజాలదు. మాట తప్పినవారు లేరు. అవమానము పొందినవారు లేరు. ఆ వేదికపైనే సామీకి లిండాతోను, వాంగ్ టాకు మే లీతోను వివాహము జరుగును.

ఈ ముగింపు నవ్వు పుట్టించునది. కాని దానిలో ఒక లోతైన సంగతి కలదు. మే లీ తండ్రిని ధిక్కరింపలేదు, ఇల్లు విడిచి పోలేదు. పెద్దలు వ్రాసిన ఒడంబడికను పెద్దలు ఒప్పుకొను కారణముతోనే దాటెను. ఆ కారణమును ఆమె క్రొత్త దేశమునుండి నేర్చుకొనెను. పాతదానిపై గౌరవమును, క్రొత్తదానినుండి పొందిన తెలివిని ఒక్కటిగా జేసినది ఆమె ఒక్కతెయే. అయితే ఆమె పలికిన మాటలో గొప్ప అపాయమును కలదు. దొంగచాటుగా వచ్చితినని చెప్పినవారిని ప్రభుత్వము వెనుకకు పంపవచ్చును. నవ్వుచు చూచిన చైనాటౌన్ ప్రజలలో, అట్టి భయముతో ఏండ్లు గడపినవారు ఎందరో యుండిరి.

చిత్రములో రెండు తరములనుగూర్చిన పాట యొకటి రెండుమారులు వచ్చును. ఒకమారు పెద్దలు, పిల్లల తీరు తమకు తెలియదని వాపోవుదురు. మరియొకమారు పిల్లలు, పెద్దల తీరు తమకు తెలియదని అందురు. పాట ఒక్కటే, పాడువారు మాత్రము మారుదురు. ఇరువురిదియు ఒకే బాధ యని కవి ఈ విధముగా సూచించెను.

చిత్రమునందు లోపములును కలవు. చీనీయుల కథలో మే లీగా నటించిన మియోషి ఉమేకి జపాను దేశస్థురాలు. వాంగ్ టా, సామీ, హెలెన్ వేషములు ధరించినవారును జపాను సంతతివారే. లియాంగ్ పాత్రధారిణి జువానిటా హాల్ ఆఫ్రికా సంతతికి చెందిన నటి. లిండాగా నటించిన నాన్సీ క్వాన్ హాంకాంగులో జన్మించెను; ఆమె తండ్రి చీనీయుడు, తల్లి ఆంగ్లేయ. తూర్పు దేశములవారందరును ఒక్కటే యన్నట్లు చూపిరనియు, చీనీయులను వింతబొమ్మలుగా జేసిరనియు తరువాతి తరమువారు విమర్శించిరి. అయినను ఆసియా సంతతివారు వంటవాండ్రుగను దుర్మార్గులుగను మాత్రమే కనబడిన కాలమున, ప్రేమించి, పాడి, నవ్వెడి మనుష్యులుగా వారిని ఒక పెద్ద చిత్రము నిండ చూపుట చిన్న సంగతి కాదు. 2008లో ఈ చిత్రము అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చబడెను.

ఈ కథ తెలుగువారికి దూరపు కథ కాదు. అమెరికా తలుపులు భారతీయులకును చిరకాలము మూయబడియే యుండెను. 1946లో చేసిన శాసనము ఏటికి 100 మంది భారతీయులకు ప్రవేశమును, పౌరసత్వము పొందు హక్కును ఇచ్చెను. 1965లో దేశమునుబట్టి లెక్కకట్టు పద్ధతి తొలగింపబడిన పిమ్మట తెలుగు వైద్యులు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అచటికి పోయిరి. వారి యిండ్లలోను వాంగ్ ఇంటి తగవే తలయెత్తెను. 1987లో జంధ్యాల దర్శకత్వమున వెలువడిన ‘పడమటి సంధ్యారాగం’ అను తెలుగు చిత్రము ఆ తగవును చూపెను. ఆచారపరాయణుడైన తెలుగు తండ్రి అమెరికాలో కాపురముండును. అతని కూతురు సంధ్య ఒక అమెరికా యువకుని ప్రేమించును. తండ్రి మనస్సు గాయపడును. సంధ్యగా విజయశాంతియు, ఆ యువకునిగా థామస్ జేన్ అను అమెరికా నటుడును నటించిరి. అతనికి అదియే మొదటి చిత్రము. ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము సంగీతము కూర్చిరి. వాంగ్ ఇంట వధువు, వరుడు ఇరువురును చీనీయులే. సంధ్య ఇంట వరుడే పరదేశీయుడు. కావున తెలుగు తండ్రి దాటవలసిన గడప మరింత ఎత్తైనది.

వలస ఒకే దిక్కునకు సాగునది కాదు. అటునుండి ఇటు వచ్చినవారును కలరు. ఐర్లండు దేశస్థులైన జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ దంపతులు 1915లో భారతదేశమునకు వచ్చిరి. జేమ్స్ కవి, మార్గరెట్ సంగీతమున పట్టము పొందిన విదుషి, స్త్రీలకు ఓటుహక్కు కావలెనని పోరాడి స్వదేశమున చెరసాలకు పోయిన ధీర. అనీబిసెంటు స్థాపించిన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో జేమ్స్ అధ్యాపకుడై, పిదప అధ్యక్షుడయ్యెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చి ఆ కళాశాలలో విడిసిరి. వారు తాము రచించిన ‘జనగణమన’ గీతమును విద్యార్థులకు, అధ్యాపకులకు పాడి వినిపించిరి. మార్గరెట్ ఆ గీతపు వరుసకు స్వరలిపి సమకూర్చెను. ఠాకూరు అచటనే దానిని ఇంగ్లీషులోనికి మార్చి, ఫిబ్రవరి 28వ తేదీ వేసి చేవ్రాలు చేసిరి. 1950 జనవరి 24న ఆ గీతమే భారత జాతీయగీతముగా అంగీకరింపబడెను.

మార్గరెట్ ఈ దేశమునకు వచ్చి తన దేశపు సంగీతమును మరచిపోలేదు. ఈ దేశపు పాటను తక్కువగా చూడలేదు. తాను నేర్చిన విద్యను తనకు క్రొత్తదైన గీతమునకు సేవగా సమర్పించెను. 1932లో ఈ దేశప్రజల హక్కులకై పలికి వేలూరు చెరసాలలో గడపెను. ఆమె 1954లో అడయారున కన్నుమూసెను. జేమ్స్ 1956లో మదనపల్లెలోనే తుదిశ్వాస విడిచెను. వచ్చిన నేలయే వారికి స్వంత నేలయైనది.

శాన్ ఫ్రాన్సిస్కో వీధిలో మే లీ వాయించిన డోలు కథలోనిది; మదనపల్లెలో మార్గరెట్ వ్రాసిన స్వరములు చరిత్రలోనివి. రెండును ఒక్క మాటనే తెలుపుచున్నవి. ఇంటినుండి తెచ్చుకొన్నది బరువు కావచ్చును, బలము కావచ్చును. దానిని మూటగట్టి దాచినచో బరువగును. నలుగురితో పంచుకొన్నచో బలమగును. పెద్దలు పిల్లల పాటను, పిల్లలు పెద్దల పాటను ఒక్కమారు చెవియొగ్గి వినినచో, రెండు తరముల నడుమనున్న సముద్రము సగము ఇంకిపోవును.

అభ్యాసము

1. చైనాటౌన్‌లో చాలకాలము పురుషులే ఎక్కువగా నుండుటకు కారణమేమి?
2. వాంగ్ ఇంటిలోని నలుగురు వ్యక్తుల స్వభావములను పోల్చి వ్రాయుడు.
3. మే లీ ఒడంబడికనుండి ఎట్లు విముక్తి పొందెను? ఆమె చేసిన పనిలోని అపాయమేమి?
4. మార్గరెట్ కజిన్స్ మదనపల్లెలో చేసిన సేవను వివరింపుడు.
5. మీ యింటి పెద్దలు తమ చిన్ననాట నేర్చిన పాటనొకదానిని అడిగి తెలిసికొని, దాని సంగతి పది పంక్తులలో వ్రాయుడు.